కీచుమన్న చోట ఆగిన మనిషి

(సంగీత విద్యార్థుల సమావేశంలో ఒక క్లారినెట్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. సంగీత సభలన్నింటికీ ఇదొక జబ్బు. ముందు వరుసలు వెలవెలబోతుంటాయి, తలుపు దగ్గర మాత్రం తిరునాళ్లు. రండమ్మా, రండి. నేనేమీ పాఠం అప్పజెప్పమని అడగను.

సరే. మొదట ఒక ప్రశ్న. మీలో క్లారినెట్ నేర్చుకుంటున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఏడు, ఎనిమిది, అదిగో ఆ చివర ఒకరు, తొమ్మిది మంది. బాగుంది. ఈ తొమ్మిది మందిలో వాయిస్తుండగా ఎన్నడూ కీచుమననివాళ్లు ఎవరైనా ఉన్నారా? లేరు కదా. ఉండరు. ఎవరైనా చెయ్యెత్తి ఉంటే, ఆ పిల్లవాడు ఇంకా పెట్టె తెరవలేదని అర్థం.

నాకు పద్నాలుగేళ్లప్పుడు జరిగింది చెబుతాను. మాది బ్యాండుమేళం కుటుంబం. మా నాన్న క్లారినెట్, మా బాబాయి ట్రంపెట్, మా పెద్దనాన్న కొడుకు డ్రమ్ము. వైశాఖమాసం, ఊరేగింపు, పెట్రోమాక్స్ లైట్లు. ఆ రాత్రి నాన్నకు జ్వరం తగిలింది. పల్లవి నువ్వు ఎత్తుకోరా అని నన్ను ముందుకు నెట్టారు. ఆడపెళ్లివారి వీధి మలుపు తిరిగాం. అందరూ అరుగుల మీదికి వచ్చారు. సరిగ్గా అప్పుడు, పల్లవి పై స్వరం అందుకోబోయి, కుక్క తోక తొక్కినట్టు కీచుమంది. వీధి వీధంతా నవ్వింది. పెళ్లికొడుకు కూడా నవ్వాడు, అదింకా బాధ. నాన్న ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక, మరునాడు పొద్దున్న, నా రీడు, అంటే నోటి దగ్గర కంపించే ఆ పలచటి పుల్ల, ఊడదీసి ఎండలో పట్టి చూసి, అంచు చిట్లింది చూసుకోవద్దూ, అన్నారు. అంతే. కానీ ఆ తరవాత ముప్పై ఏళ్లపాటు నా వాయిద్య జీవితమంతా ఒక్కటే పని. కీచుమనకుండా చూసుకోవడం. నేను పాఠాలు చెప్పినా అదే చెప్పాను. గట్టిగా కొరక్కు, కీచుమంటుంది. వేలు సరిగ్గా మూయి, కీచుమంటుంది.

ఇవాళ నేను మాట్లాడబోయే మనిషి ఆ కీచు దగ్గర ఆగాడు. అక్కడ ఆగి, ఇదేమిటి, ఇందులో ఏముంది, దీన్ని నేను కావాలనుకున్నప్పుడు రప్పించగలనా, అని అడిగాడు. అంతే తేడా. ఆయన పేరు విలియం ఓ. స్మిత్. బిల్ స్మిత్ కూడా ఆయనే. రెండు పేర్లు ఎందుకో తరవాత చెబుతాను.

ముందు ఈ గొట్టం సంగతి రెండు మాటలు చెప్పాలి. గాత్రం పిల్లలు, వీణ పిల్లలు ఉన్నారు కాబట్టి. క్లారినెట్ వాళ్లు కాసేపు ఓపిక పట్టండి, అయినా మీలో సగం మందికి ఇది తెలియదని నాకు తెలుసు.

వేణువు తీసుకోండి. షడ్జమం ఊదుతున్నారు. వేళ్లు కదపకుండా ఊపిరి బలంగా, సన్నగా చేస్తే ఏమొస్తుంది? పై స్థాయి షడ్జమం. సన్నాయి తీసుకోండి, నాదస్వరం తీసుకోండి, అవి కిందికి పోయేకొద్దీ వెడల్పయ్యే గొట్టాలు. వాటికీ అంతే, పై స్థాయి షడ్జమం. ఇప్పుడు క్లారినెట్. మంద్రస్థాయి షడ్జమం పట్టి, వెనక బొటనవేలి కీ తెరిచి చూడండి. మధ్యస్థాయి షడ్జమం రాదు. దాన్ని దాటిపోయి మధ్యస్థాయి పంచమం పలుకుతుంది! ఎందుకు? గొట్టం దాదాపు ఒకే వెడల్పు. పై చివర రీడు ఉంది, గాలి లెక్కలో అది మూసేసిన చివర. ఒకవైపు మూసిన, ఒకే వెడల్పు గొట్టంలో గాలి ఇలాగే దూకుతుంది. స నుంచి పై స కాదు, స నుంచి పై ప.

దీనివల్ల మనకు వచ్చే తిప్పలు చూడండి. కింద స వాయించిన వేళ్లే పైన ప వాయిస్తాయి. కింద రి పట్టిన వేళ్లే పైన ధ పడతాయి. సన్నాయి వాయించి వచ్చినవాడికి మొదటి నెలంతా వేళ్లు ఒక రాగం, చెవులు ఒక రాగం. మధ్యలో ఖాళీ పూరించడానికి అన్ని కీలు కావాలి. ఇప్పుడు ఎక్కువగా వాడే బోమ్ పద్ధతి క్లారినెట్‌కు మామూలుగా 17 కీలు. జర్మనీలో న్యూరెంబర్గ్ ఊళ్లో డెన్నర్ అనే వాయిద్యాల తయారీదారు 1700 ప్రాంతంలో దీన్ని తయారుచేశాడంటారు. అప్పుడు దీనికి రెండు కీలు. అక్కడినుంచి ఇక్కడిదాకా జనం చేసిందంతా ఏమిటి? స్వరం శుభ్రంగా, ఒక్కటిగా, కీచుమనకుండా రావడానికి కీలు పెట్టుకుంటూ రావడం. నేను చెప్పేది గుర్తుపెట్టుకోండి, ఒక్కటిగా. ఇదే తరవాత పనికొస్తుంది.

ఇక మనిషి సంగతి. స్మిత్ 1926 సెప్టెంబర్ 22న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటోలో పుట్టాడు. పెరిగింది ఓక్లాండ్‌లో. పదేళ్లకు క్లారినెట్ పట్టాడు. పదమూడేళ్లకు డ్యాన్సులకు వాయించే జాజ్ బృందం ఒకటి సొంతంగా కట్టాడు. జాజ్ అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే అమెరికా సంగీతం. పదిహేనేళ్లకు పడమటి శాస్త్రీయ సంగీతం వాయించే ఓక్లాండ్ సింఫనీ వాద్యబృందంలో చేరాడు. చూశారా? ఇటు డ్యాన్సుల పాటలు, అటు సింఫనీ. మనవైపు చెప్పాలంటే రాత్రి ఊరేగింపులో సినిమా పాట, పొద్దున్న గుళ్లో త్యాగరాజ కీర్తన. మా నాన్న చేసిందీ అదే. కాకపోతే మనకు అది పొట్టకూటి పని, దానికి ఎవరూ పేరు పెట్టలేదు.

ఆ రోజుల్లో అమెరికాలో క్లారినెట్ అంటే బెన్నీ గుడ్‌మన్. ఆయన జాజ్ బృందాలకు రాజు, ఆయన కోసమే బార్తోక్, కోప్లాండ్ వంటి పెద్ద స్వరకర్తలు రచనలు చేశారు. కుర్ర స్మిత్‌కు గుడ్‌మన్ అంటే దేవుడు. స్కూలు చదువు అయిపోగానే ఒక డ్యాన్సు బృందంతో దేశం తిరగడానికి బయలుదేరాడు. ఊరూరా బస్సు, ఊరూరా హోటలు, రోజూ అవే పాటలు. రాజధాని వాషింగ్టన్ చేరేసరికి మోజు తీరిపోయింది. రెండు వారాల గడువు చెప్పి మానేశాడు. బృందంలో ఒక పెద్దాయన, దొరికిన చోట మంచి చదువు చదువుకో అని సలహా ఇచ్చాడట. ఆ పెద్దాయన ఎవరో గానీ, ఇలాంటి ఒక్క మాట చెప్పేవాళ్లు ప్రతి బ్యాండులో ఒకరుంటే బాగుండును.

న్యూయార్కు వెళ్లి జూలియార్డ్‌లో చేరాడు. పగలు అక్కడ పాఠాలు, రాత్రి జాజ్ క్లబ్బుల్లో వాయిద్యం. అంత పేరున్న విద్యాలయం. మన పిల్లలకు అక్కడ సీటు వస్తే ఊళ్లో ఫ్లెక్సీ కడతాం. ఆయనకు అక్కడి పాఠాలు రుచించలేదు. ఈలోగా డారియస్ మియో అనే ఫ్రెంచి స్వరకర్త రచన విన్నాడు. ఆ మియో ఎక్కడున్నాడు? ఓక్లాండ్‌లో, మిల్స్ కళాశాలలో! స్మిత్ పెరిగిన ఊళ్లోనే! రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఫ్రాన్సు వదిలి వచ్చి అక్కడ పాఠాలు చెబుతున్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. వెనక్కి వచ్చేశాడు.

మియో గురించి ఒక ముచ్చట తప్పకుండా చెప్పాలి. మొదటి తరగతిలో, మీలో జాజ్ వాయించేవాళ్లు ఎవరు, చేతులెత్తండి, అన్నాడట. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు భయపడుతూ చేతులెత్తారు. ఇంక తిడతాడు, జాజ్ మానేయమంటాడు అనుకున్నారు. ఆయన ఏమన్నాడంటే, మీరు మీ అభ్యాసాలన్నీ మీ జాజ్ వాయిద్యాలకే రాసుకుని రండి. ఫ్యూగ్ రాయాలంటే జాజ్ బృందానికి రాయండి. ఫ్యూగ్ అంటే ఒక పల్లవిని ఒక గొంతు తరవాత మరో గొంతు అందుకుంటూ అల్లుకుపోయే పాతకాలపు పడమటి పద్ధతి. దాన్ని డ్రమ్ములకీ శాక్సఫోన్లకీ రాయండి అన్నాడు. ఆ కుర్రాళ్లలో పియానో వాయించే డేవ్ బ్రూబెక్ ఉన్నాడు. తరవాత లోకమంతా పేరు తెచ్చుకున్న బ్రూబెక్. గురువు మీద భక్తితో పెద్దకొడుక్కు డారియస్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ ఒక్కదాంట్లో మనవాళ్లలాగే ఉన్నాడు.

ఆ మిత్రులంతా కలిసి ఎనిమిది మంది బృందం కట్టారు. అందులో క్లారినెట్ స్మిత్‌ది. 1947లో ఆ బృందానికి స్మిత్ రాసిన రచన ఒకటి, జాజ్‌నూ శాస్త్రీయ పద్ధతినీ కలిపిన తొలి ప్రయత్నాల్లో ఒకటిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయసెంత? ఇరవై, ఇరవై ఒకటి. మీ వయసు.

ఇక్కడ పక్కదారి ఒకటి. 1958లో బ్రూబెక్ మన దేశం వచ్చాడు. మద్రాసులో పళని సుబ్రహ్మణ్య పిళ్లై గారి మృదంగంతో వాళ్ల డ్రమ్ము కళాకారుడు జో మొరెల్లో కలిసి వాయించాడు. ఆ బృందంలో ఊదే వాయిద్యం పాల్ డెస్మండ్ శాక్సఫోన్. స్మిత్ లేడు. స్మిత్ అప్పుడు రోమ్‌లో ఉన్నాడు. వచ్చి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. సరే, రాలేదు. రోమ్‌కే వెళదాం, అసలు కథ అక్కడుంది.

మధ్యలో బర్క్లీ విశ్వవిద్యాలయంలో రోజర్ సెషన్స్ దగ్గర స్వరరచన చదివి పట్టాలు తీసుకున్నాడు, బహుమతి గెలుచుకుని పారిస్ సంగీత విద్యాలయంలో రెండేళ్లు ఉన్నాడు. ఇవన్నీ గబగబా చెబుతున్నాను. పట్టాల జాబితా విని ఎవరైనా వాయిద్యం నేర్చుకున్నారా? 1957లో రోమ్ బహుమతి వచ్చింది. ఆ ఊళ్లో ఆరేళ్లు ఉండిపోయాడు.

ఆ కాలంలో ఇటలీలో సెవెరినో గజెల్లోని అనే వేణువు విద్వాంసుడు ఉండేవాడు. 1958లో లుచానో బెరియో అనే స్వరకర్త ఆయన కోసం ఒంటరి వేణువుకు ఒక రచన చేశాడు. అందులో ఒకచోట వేణువు ఒకే ఊపిరిలో రెండు స్వరాలు పలుకుతుంది. ఒక్క వేణువు, ఒక్క మనిషి, రెండు స్వరాలు. గజెల్లోని వేణువు మీద చేస్తున్న పనులు స్మిత్‌ను పట్టేశాయి. వేణువు చెయ్యగలిగితే నా గొట్టం చెయ్యలేదా?

ఇప్పుడు నేను చెప్పింది గుర్తుకు తెచ్చుకోండి. రెండున్నర శతాబ్దాలు జనం ఏం చేశారు? స్వరం ఒక్కటిగా రావడానికి కీలు పెట్టారు. ఇతను ఏం చేశాడు? ఆ కీలతోనే స్వరాన్ని ఒక్కటిగా రాకుండా చేశాడు! పుస్తకంలో ఉన్న వేళ్ల పట్లు అన్నీ పక్కన పెట్టి, పుస్తకంలో లేని పట్లు ఒక్కొక్కటీ పట్టి చూశాడు. ఇది మూయి, అది తెరువు, ఈ కీ సగం నొక్కు. ఊదు. ఏమొచ్చింది? రాసుకో. మళ్లీ ఒక కీ మార్చు. ఊదు. రాసుకో. అలా క్లారినెట్ మీద ఒకేసారి రెండు, మూడు స్వరాలు పలికే పట్లను ఒక జాబితాగా కట్టాడు. వీటిని మల్టీఫోనిక్స్ అంటారు. క్లారినెట్‌కు అలా పద్ధతిగా, విస్తారంగా కట్టిన మొదటి జాబితా అదే.

ఇది ఎలా జరుగుతుందంటే, గొట్టంలో గాలి ఒక పొడవున ఊగితే ఒక స్వరం. మధ్యలో ఒక రంధ్రం తెరిచి, దాని కిందవి మూసి ఉంచారనుకోండి. గాలికి సందేహం వస్తుంది. ఇక్కడే ఆగాలా, కిందిదాకా పోవాలా? మామూలుగా రీడు ఏదో ఒకటి తేల్చేస్తుంది. కానీ పెదవి కొంచెం వదులు చేసి, గొంతు కొంచెం తెరిచి, ఊపిరిని బెదిరించకుండా పంపితే, గాలి రెండు పనులూ చేస్తుంది. బలవంతం చేశారా, ఒకటి చచ్చిపోతుంది. మీరు కీచుమన్నప్పుడు జరిగేది దీనికి దగ్గరి చుట్టమే. వేలు కాస్త జారింది, రీడు కాస్త ఎక్కువ కొరికారు, గాలి తనకు తోచిన పై స్వరానికి ఎగిరిపోయింది. స్మిత్ చేసింది ఆ ఎగిరిపోయేదాన్ని పట్టుకుని పేరు రాసి డబ్బాలో పెట్టడం.

ఇదంతా చదివాక నేనూ ప్రయత్నించాను. యాభై దాటాక! రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాను. పొద్దున్న అయిదింటికి లేచి, మేడ మీద, ఒక్కో పట్టు పదిసార్లు. మొదటి వారం నాకు వచ్చినవి మూడు. ఒకటి తుప్పు పట్టిన గేటు. ఒకటి దూడను విడదీసినప్పటి గేదె. మూడోది మాత్రం, ఎలా చెప్పను, కింద మంద్రంలో తంబూరా లాంటి ఒక గరగర, దానిమీద చాలా ఎత్తున సన్నగా ఒక స్వరం, నీళ్ల మీద ఎండ పడినట్టు వణుకుతూ. రెండు క్షణాలు నిలిచింది. నాకు ఒళ్లు జలదరించింది. నలభై ఏళ్లుగా ఇది నా చేతిలోనే ఉంది, నాకు తెలియదు! కిందికి దిగి మా ఆవిడకు చెప్పబోతే, మీ క్లారినెట్‌కు ఒంట్లో బాగాలేదా, పక్కింటివాళ్లు అడుగుతున్నారు, అంది.

నవ్వండి, పరవాలేదు. నోటుపుస్తకం ఇంకా నడుస్తోంది. నలభై ఏడో పట్టు దగ్గర ఉన్నాను.

అయితే ఇక్కడే ఒకటి గట్టిగా చెప్పాలి. జాబితా కట్టడం గొప్ప కాదు. జాబితా కట్టి బీరువాలో పెట్టేవాళ్లు ప్రతి విశ్వవిద్యాలయంలో ఉన్నారు. మన దగ్గర సంగీతంలో పరిశోధన అంటే ఏమిటి? పాత పుస్తకాలు పది చదివి పదకొండో పుస్తకం రాయడం. పరిశోధన చేసినవారు వాయించరు. వాయించేవారు పరిశోధన అంటే దండం పెడతారు. స్మిత్ ఆ పట్లతో 1961లో వేణువుకూ క్లారినెట్‌కూ యుగళం రాశాడు. 1963లో ఒంటరి క్లారినెట్‌కు ‘వేరియంట్స్’ అనే రచన చేశాడు. క్లారినెట్ మల్టీఫోనిక్స్ వాడిన తొలి రచనల్లో ఇవి ఉన్నాయి. రాసి ఇంకొకరి చేతికి ఇచ్చి కూర్చోలేదు, తనే వాయించాడు. ‘వేరియంట్స్’ చిన్న చిన్న ముక్కలు. ఒక్కో ముక్కకు ఒక్కో గుణం. దొరికితే వినండి. మొదటిసారి నచ్చకపోవచ్చు. నాకూ నచ్చలేదు, అబద్ధం చెప్పను. మూడోసారికి గానీ అది తుప్పు గేటు కాదని తెలియలేదు.

మీరు అడగొచ్చు. మాస్టారూ, ఇంత పరిశోధన చేసి చివరికి అపస్వరాలేనా? అడగండి, తప్పులేదు. పోయినసారి ఒక పెద్దాయన లేచి ముఖం మీదే అడిగారు. నేనేమన్నానంటే, అయ్యా, గమకం గురించి హార్మోనియం వాళ్లు ఒకప్పుడు ఇలాగే అనుకుని ఉండవచ్చు. రెండు మెట్ల మధ్య ఆ జారుడేమిటి, ఏదో ఒక మెట్టు మీద నిలబడరాదా అని. ఆయన నవ్వారు. ఒప్పుకున్నారని కాదు.

ఇంకా ఉంది. స్మిత్ గ్రీసు దేశం వెళ్లినప్పుడు ఆలోస్ అనే ప్రాచీన వాయిద్యం బొమ్మలు చూశాడు. ఒక మనిషి రెండు గొట్టాలు ఒకేసారి నోట పెట్టుకుని వాయిస్తుంటాడు. చూసి ఊరుకున్నాడా? రెండు క్లారినెట్లు తీసి రెండింటినీ నోట పెట్టాడు. ఎడమచేతికి ఒకటి, కుడిచేతికి ఒకటి. ఒక్కో చేతికి అందే స్వరాలు కొన్నే. ఆ కొన్నింటితోనే రచనలు చేశాడు, కచేరీల్లో వాయించాడు.

ఇది చదువుతుంటే నాకు ఎవరు గుర్తొచ్చారో తెలుసా? మా చిన్నప్పుడు వీధిలోకి వచ్చే పాములవాడు. అతని నాగస్వరం చూశారా ఎప్పుడైనా? ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. ఎండు సొరకాయ బుర్ర, దాని కింద రెండు గొట్టాలు. ఒకటి పాట, ఒకటి శ్రుతి. ఆ గొట్టాల లోపల ఉన్నది ఏ రీడు? సన్నాయికి ఉన్నట్టు రెండు పొరల రీడు కాదు. ఒంటి రీడు. క్లారినెట్ జాతి! అంటే మా వీధి అరుగు ముందు, నాకు ఆరేళ్లప్పుడే, ఒకాయన జంట క్లారినెట్ లాంటిది వాయిస్తూ చిల్లర అడుక్కున్నాడు. మేము పామును చూశాం. గొట్టాలను చూడలేదు.

మళ్లీ స్మిత్ దగ్గరికి వస్తే, ఆయన గొట్టం చివర బిరడా పెట్టి వాయించాడు. మౌత్‌పీస్ తీసేసి, ఖాళీ గొట్టం అంచు మీద వేణువులాగా ఊదాడు. మనకు ఇది చిన్నపిల్లల ఆట. అవునా కాదా? క్లారినెట్ మొదటిసారి చేతికిస్తే ఏ పిల్లవాడైనా ముందు చేసేది అదే. మనం వెంటనే చేతి మీద ఒకటి వేస్తాం. ఆయన దానికి ఒక పేరు పెట్టి, రచనలో చోటిచ్చాడు.

ఇక బోధన. 1966లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1997దాకా, ముప్పై ఏళ్లు దాటి, అక్కడే. ఇవాళ ఆ ఊరినిండా మన తెలుగువాళ్లే, మా మేనకోడలు కూడా అక్కడే ఉంటుంది. స్మిత్ ఇల్లూ ఆ ఊళ్లోనే అని చెబితే, అవునా మామయ్యా, ఎవరాయన, అంది. సరే, మన ఊళ్లో విద్వాంసులు మనకు తెలుసా, దాన్ని అనడమెందుకు.

ఆ విశ్వవిద్యాలయంలో సమకాలీన సంగీతం కోసం ఒక బృందం ఉండేది. దాన్ని స్మిత్ మరొకరితో కలిసి నడిపించాడు, చాలాకాలం ట్రాంబోన్ విద్వాంసుడు స్టూవర్ట్ డెంప్‌స్టర్‌తో. ఇక్కడ నాకు నచ్చింది ఏమిటంటే, అక్కడ రచన నేర్పింది ఆయనే, వాయిద్యం నేర్పిందీ ఆయనే. మన కళాశాలల్లో వాద్యం మాస్టారు వేరు, శాస్త్రం మాస్టారు వేరు. పరీక్ష కూడా రెండు రోజులు. పిల్లవాడు సోమవారం చేతులతో రాస్తాడు, మంగళవారం చేతులతో వాయిస్తాడు. ఆ రెండు చేతులూ ఒకడివే అని ఎవరికీ తట్టదు.

ఇప్పుడు రెండు పేర్ల సంగతి. జాజ్ వాయించేటప్పుడు ఆయన బిల్ స్మిత్. శాస్త్రీయ రచనల మీద విలియం ఓ. స్మిత్. ఈ విషయం మొదట తెలిసినప్పుడు నాకు కోపం వచ్చింది. సిగ్గుపడ్డాడా? డ్యాన్సు పాటల బిల్‌ను విలియం దాచిపెట్టాడా? మాలోనూ అలాంటివాళ్లు ఉన్నారు. సభలో కూర్చుంటే విద్వాన్ ఫలానా, పెళ్లి బ్యాండులో చూసి పలకరిస్తే ముఖం తిప్పుకుంటారు. నేనూ ఒకసారి తిప్పుకున్నాను, ఒప్పుకుంటున్నాను.

తరవాత ఆయన రికార్డులు వరసగా పెట్టి విన్నాను. రోమ్‌లో ఆ వింత పట్లు వెతుకుతున్న రోజుల్లోనే బ్రూబెక్ బృందంతో వరసగా జాజ్ రికార్డులు చేశాడు, 1959, 1960, 1961. వాటికి రచనలూ ఆయనవే. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు మునుగుతాడని మనకొక సామెత ఉంది. ఈయన మునగలేదు. ఎందుకంటే అవి రెండు పడవలు కావు. పేర్లు రెండు, అవి కొనేవాళ్ల సౌకర్యం కోసం. దుకాణంలో ఏ అరలో పెట్టాలో తెలియాలి కదా. గొట్టం ఒక్కటే.

మళ్లీ 1980లలో బ్రూబెక్‌తో దేశాలు తిరిగాడు. 1987లో మాస్కోలో బ్రూబెక్ బృందం చేసిన కచేరీలో క్లారినెట్ బిల్ స్మిత్‌దే. అప్పటికి అరవై దాటాయి. క్లారినెట్‌కు మైకు కలిపి, తన స్వరమే ఆలస్యంగా తనకు తిరిగి వినిపించే ఎలక్ట్రానిక్ యంత్రాలు పెట్టుకుని, తనతో తనే యుగళం వాయించాడు. ఎనభై దాటాక 2008లో జాజ్ ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, ఒకటి రాశాడు. తొంభైల్లో కూడా వాయించాడు. తొంభైల్లో! పన్నెండు మెట్లు ఎక్కితే నాకు ఊపిరి ఆడటం లేదు.

2020 ఫిబ్రవరి 29న సియాటిల్‌లో పోయాడు. తొంభై మూడేళ్లు. నాలుగేళ్లకోసారి గానీ రాని తేదీ చూసుకుని వెళ్లాడు.

ఇదంతా విని, మాస్టారూ, అమెరికా వాళ్ల సంగతి ఎందుకు, మనకు లేరా, అంటారు. ఎందుకు లేరు? తిరుచ్చిలో ఎ.కె.సి. నటరాజన్ గారు. కీలు పెట్టిన వాయిద్యం మీద కర్ణాటక గమకం పలకదని అందరూ అంటుండగా పలికించారు. నాదస్వర చక్రవర్తి రాజరత్నం పిళ్లై గారే ఆయనకు క్లారినెట్ ఎవరెస్ట్ అని బిరుదు ఇచ్చారు. 2008లో సంగీత కళానిధి, 2022లో పద్మశ్రీ. స్మిత్ చేసిన పనికీ ఆయన చేసిన పనికీ పోలిక లేదంటారా? ఒకరు కీల మధ్య సందుల్లోకి స్వరాన్ని జార్చారు. ఒకరు కీల మధ్య సందుల్లోంచి రెండో స్వరాన్ని లాగారు. ఇద్దరూ ఈ గొట్టం తయారుచేసినవాడు అనుకోని చోటికే వెళ్లారు. నాకు దిగులు ఎక్కడంటే, నటరాజన్ గారి వేళ్లు ఏ కీ మీద ఎంత కదిలాయో, పెదవి ఎక్కడ సడలిందో, మనలో ఎవరైనా ఒక నోటుపుస్తకంలో పట్టుపట్టుగా రాసుకున్నామా? నేను రాసుకోలేదు. ఆయన కచేరీ దగ్గర కూర్చుని విన్నాను, తల ఊపాను, ఇంటికొచ్చి పడుకున్నాను.

టైము చూపిస్తున్నారు, తెలుసు. అయిదు నిమిషాలు. ఇందాక చెయ్యెత్తిన తొమ్మిది మందిలో వాయిద్యం వెంట తెచ్చుకున్నది ఎవరు? నువ్వా అమ్మా? ఇటు రా. భయపడకు, పరీక్ష కాదు. రీడు తడిచేసుకో. తొందరలేదు.

ఇప్పుడు బొటనవేలి కీ తెరిచి, వేళ్లన్నీ మూసి, నీకు వచ్చిన పంచమం పట్టు. బాగుంది, శుభ్రంగా ఉంది. ఇప్పుడు అదే స్వరం, కానీ చాలా మెల్లగా ఎత్తుకో. ఇంకా మెల్లగా. కింది పెదవి కొంచెం వదులు. ఊపిరి తగ్గించు, కీ మాత్రం వదలకు. విన్నారా? అడుగున గరగర. అదిగో, అది మంద్రస్థాయి షడ్జమం, అది పైకి రావాలని చూస్తోంది. నువ్వు దాన్ని తప్పనుకుని పెదవి బిగించేశావు. అందరం అంతే చేస్తాం. బిగించకు. దాన్ని రానీ. రెండూ ఉండనీ. పోయింది, పరవాలేదు.

మళ్లీ ఊదు.